మెట్ల కింద పార్సిల్

పార్సిళ్లు పంచే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఒకటే. మ్యాపును నమ్మకండి, కస్టమరు రాసిన సూచనను అసలే నమ్మకండి. 'మా ఇల్లు ఇట్టే దొరుకుతుంది' అని రాసినవాడి ఇంటికి నంబరు ఉండదు. 'మా కుక్క ఏమీ చెయ్యదు' అని రాసినావిడ కుక్క గేటు దూకి వచ్చి మరీ చేస్తుంది. 'గంట కొట్టవద్దు, పాప నిద్రపోతోంది' అన్నారు కదా అని చప్పుడు చెయ్యకుండా పెట్టి వస్తే, గంట ఎందుకు కొట్టలేదని సాయంత్రానికల్లా ఫిర్యాదు వస్తుంది. పాప అప్పటికి లేచి ఉంటుంది కాబోలు.

ఎనిమిదేళ్లుగా ఇదే పని నాది. కారు నాది, పెట్రోలు నాది, నడుము నాది, మోకాళ్లు నావి. కంపెనీది ఒక్క యాప్ మాత్రమే. ఆ యాప్ నన్ను 'ప్రియమైన భాగస్వామీ' అని పిలుస్తుంది. మా ఆయన పెళ్లయిన కొత్తలో కూడా నన్ను అంత ముద్దుగా పిలవలేదు. ఆయన సరుకుల ఓడ మీద పనిచేస్తాడు, ఆరు నెలలకోసారి ఇంటికి వచ్చి ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందని అడిగి వెళ్లిపోతాడు.

ఊరి చివర రేకుల గోడౌను ముందు పొద్దున్నే ముప్ఫై కార్లు వరసగా నిలబడతాయి. లోపల ఒక సూపర్‌వైజరు ఉంటాడు. మేము లోడు చేసుకుంటుంటే గడియారం చూడటం ఆయన ఉద్యోగం. ఆయన ఒక్క పెట్టె ముట్టుకోగా నేను చూడలేదు. ఇరవై నిమిషాల్లో యాభై పెట్టెలు సర్దుకోవాలి. కొత్తవాళ్లు చేతికి దొరికిందాన్ని దొరికినట్టు కారులో కుక్కేసి, తరవాత ప్రతి ఇంటి ముందూ డిక్కీలో తల దూర్చి వెతుక్కుంటారు. నేను ప్రతి పెట్టెకూ రెండు పక్కలా లావుపాటి మార్కరుతో వరస నంబరు వేస్తాను. మొదటి పది ముందు సీటులో, తరవాతి ఇరవై వెనక సీటులో, మిగిలినవి డిక్కీలో. కవర్లన్నీ తలుపు అరలో. కవరు ఒకసారి సీటు కిందికి జారిందంటే ఇక దాన్ని మరిచిపోవడం మేలు. ఫోనుకు రెండు చార్జర్లు ఉండాలి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి, అవీ ఒక సైజు పెద్దవి, ఎందుకంటే మధ్యాహ్నానికి పాదాలు వాస్తాయి. నీళ్లు గుక్కగుక్కగా తాగాలి. యాభై ఇళ్లకు వస్తువులు మోసుకెళ్తాం గానీ ఒక్క ఇంట్లోనూ బాత్రూముకు వెళ్లనివ్వరు. పెట్రోలు బంకువాడు ఆ తాళం చెవిని తన ఆస్తి పత్రాలు అప్పగిస్తున్నట్టు ఇస్తాడు.

ఇవి మొదటి రోజు పాఠాలు. రెండో రోజు పాఠం యాప్‌తో అబద్ధాలాడటం. నిజం చెప్తే పని సాగదు. గేటు కాపలావాడు పావుగంట నిలబెడితే దానికి యాప్‌లో మీట ఉండదు, 'దారిలో రద్దీ' అని నొక్కాలి. కుక్కకు మీట లేదు, 'చిరునామా అస్పష్టం' అని నొక్కాలి. మనుషులు ఎలా ఉంటారో తెలియనివాళ్లు చేసిన యాప్ అది. దానితో ఎనిమిదేళ్లలో నేను ఆడని అబద్ధం లేదు, అందుకు నాకు ఏనాడూ సిగ్గనిపించలేదు.

ఇంట్లో మాత్రం నేను ఉంటున్నది నిజం అనే మాటను నెత్తిన పెట్టుకున్న మనిషితో. మా మావయ్యగారు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. త్రాసులు తనిఖీ చేసే పని పోయాక లోకాన్నంతా తనిఖీ చెయ్యడం మొదలుపెట్టారు. ప్యాకెట్టులో రొట్టె ముక్కలు ఇరవైకి పందొమ్మిదే ఉన్నాయని కంపెనీకి ఉత్తరం రాశారు. వీధి దీపం పట్టపగలు వెలుగుతోందని మున్సిపల్ ఆఫీసుకు ఐదు అర్జీలు పెట్టారు. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు నాలుగు నెలలుగా మరమ్మతులో ఉంది, ఆ లిఫ్టు కంపెనీకి ఆయన రాసిన ఉత్తరాలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. స్మార్ట్‌ఫోను వాడటం నేర్చుకున్నాక డెలివరీ వాళ్లలో ఒక్కరూ ఆయన నుంచి తప్పించుకోలేదు. అయిదు నక్షత్రాలకు రెండు దాటి ఇవ్వరు, మూడోది తన పెన్షన్లోంచి కోస్తారన్నట్టు.

నా పని సంగతి ఆయనకు పట్టదు. నేను పొద్దున్న వెళ్తాను, మధ్యాహ్నం దాటాక వస్తాను. అడిగినవాళ్లకు 'మా కోడలు రవాణా రంగంలో ఉంది' అని చెప్తారు. పెట్టెలు మోస్తుందని చెప్పడానికి నామోషీ. మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మనుషుల్లా ఉండేవాళ్లం. ఆయన గది, నా గది, మధ్యలో వంటిల్లు.

జరిగింది మంగళవారం. మా గోడౌనులో ట్యూషన్లు మానేసి ఈ పనిలోకొచ్చిన మాస్టారు ఒకాయన ఉన్నాడు. ఆయన కారు టైరు పంచరైంది. ఆయన పెట్టెల్లో సగం నాకు వచ్చాయి. అలా మొట్టమొదటిసారి మా పేటలో పంచాల్సి వచ్చింది. ముప్ఫై ఒకటో నంబరు పెట్టె మీద మా చిరునామా, మావయ్యగారి పేరు. బల్లపరుపుగా, బరువుగా ఉంది. మళ్లీ ఏదో త్రాసు తెప్పించి ఉంటారు, ఇప్పుడు ఇంట్లో పంచదార తూస్తారు అనుకున్నాను.

అప్పటికే ఇరవై నిమిషాలు వెనకబడి ఉన్నాను. మా వీధిలో కారు ఆపడానికి చోటు లేదు, వెనక వ్యాను వాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. నాలుగు అంతస్తులు ఎక్కి దిగితే ఇంకో పది నిమిషాలు. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఈ పనిలో ఉన్నవాళ్లెవరికైనా వచ్చేదే. లోకంలో ఆలస్యంగా ఇచ్చినా ఫిర్యాదు రాని ఇల్లు ఒక్కటే ఉంది, అది మన సొంత ఇల్లు. సాయంత్రం ఎలాగూ పైకి వెళ్తాను, చేత్తో పట్టుకెళ్లి ఇచ్చేస్తాను. పెట్టెను మెట్ల కింద కరెంటు మీటర్ల వెనక నిలబెట్టాను. 'తలుపు దగ్గర పెట్టాము' అని నొక్కితే తలుపు ఫొటో అడుగుతుంది. 'చేతికి ఇచ్చాము' అని నొక్కితే ఏమీ అడగదు. అదే నొక్కి, వ్యాను వాడిని నాలుగు తిట్టి, ముప్ఫై రెండో ఇంటికి వెళ్లిపోయాను.

సాయంత్రం రెండు చేతుల్లోనూ కూరల సంచులు, భుజాన సబ్బుల సంచి. పెట్టె సంగతి గుర్తే లేదు. బుధవారం కూడా గుర్తు రాలేదు. రోజుకు యాభై పెట్టెలు చేతుల మీదుగా వెళ్లేవాళ్లకు ఒక పెట్టె ఎక్కడ గుర్తుంటుంది? 'ఇచ్చాము' అని నొక్కాక నా బుర్రలోంచి అది ఎప్పుడో దిగిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఒక షాపు వెనక కారు ఆపుకుని రొట్టె తింటుంటే ఫోను మోగింది. ప్రియమైన భాగస్వామీ, మీపై తీవ్రమైన ఫిర్యాదు నమోదైంది. ఇది మూడోది. మొదటిది వానలో ఒక పెట్టె తడిసినందుకు, వాన కూడా నా తప్పే. రెండోది ఆ ఏమీ చెయ్యని కుక్క దగ్గర గేటు అవతలికి కవరు విసిరినందుకు. మూడోది వస్తే ఖాతా శాశ్వతంగా మూస్తారు. సాయంత్రం ఆరు లోపల వివరణ రాయాలి.

నాకు నలభై ఆరేళ్లు. ఈ వయసులో నాకు తెలిసిన పని ఇదొక్కటే, అదీ బాగా తెలుసు. ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడకుండా, నా కారులో నేను, నా లెక్కలో నేను బతికిన ఎనిమిదేళ్లు అవి. అవి పోతాయంటే మిగిలిన రొట్టెను మళ్లీ కాగితంలో చుట్టేశాను.

ఎవడు రాశాడో చూద్దామని కిందికి జరిపాను. అందులో కస్టమరు పేరు గానీ చిరునామా గానీ మాకు చూపించరు, ఫిర్యాదు మాత్రమే ఉంటుంది. అది ఇలా ఉంది:

'పై ఆర్డరునకు సంబంధించిన వస్తువు మంగళవారము పదకొండు గంటల నలుబది నిమిషములకు చేతికి ఇచ్చినట్లు నమోదైనది. సదరు సమయమున నేను ఇంటిలోనే, తలుపునకు ఆరడుగుల దూరమున కూర్చొని ఉంటిని. ఏ చేయియు రాలేదు. నాలుగు అంతస్తులు ఎక్కుటకు బద్ధకించి అసత్యము నమోదు చేసిన సదరు వ్యక్తిపై తగు చర్య గైకొనవలసినదిగా కోరడమైనది.'

పేరు అక్కర్లేదు. పార్సిల్ కంపెనీకి 'గైకొనవలసినదిగా' అని రాసే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు.

మిగిలిన పన్నెండు పెట్టెలు ఎలా పంచానో నాకే తెలియదు. రెండున్నరకు ఇంటికి చేరి, నాలుగు అంతస్తులూ ఎక్కి, తలుపు తోసుకుని వెళ్లాను. మావయ్యగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని, భూతద్దంతో ఏదో మందుసీసా మీది చిన్న అక్షరాలు చదువుతున్నారు. మామూలు మనుషులకు మందు చాలు, ఆయనకు అందులో తప్పు కూడా కావాలి. నేను ఫోను తీసి ఆ ఫిర్యాదు ఆయన ముందు పెట్టాను.

"ఆ సదరు వ్యక్తిని నేనే, మావయ్యగారూ."

ఆయన భూతద్దం కింద పెట్టి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మొత్తం చదివారు. తను రాసిందే, అయినా ఇప్పుడే చూస్తున్నట్టు చదివారు. తరవాత పెట్టె ఎక్కడుందని అడిగారు. మెట్ల కింద ఉందన్నాను. తడిసిందా అని అడిగారు. నా పని పోతోందని చెప్తుంటే ఆయనకు పెట్టె దిగులు. ఒళ్లు మండింది. జరిగినదంతా గబగబా చెప్పి, దీన్నుంచి బయటపడే దారి ఒకటే ఉందన్నాను. ఆయన ఫోనులో ఆ ఫిర్యాదు కింద 'పొరపాటున ఫిర్యాదు చేశాను, పార్సిల్ నా చేతికే అందింది' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే చాలు, ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆయన ఫోనును నా వైపు జరిపారు. "అందనిదాన్ని అందిందని ఎలా నొక్కమంటావమ్మాయ్?" అన్నారు.

తరవాత, నేను భయపడినట్టే, బావగారి కథ ఎత్తుకున్నారు. ఉద్యోగంలో ఉండగా ఆయన సొంత బావగారి కొట్టులో త్రాసు నలభై గ్రాములు తక్కువ తూగింది. కేసు రాశారు. అక్కగారు ఏడ్చినా, కాళ్లావేళ్లా పడినా వెనక్కి తీసుకోలేదు. పదకొండేళ్లు ఆ ఇంటివాళ్లు ఈ గడప తొక్కలేదు. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ప్రతిసారీ ఆయన దాన్ని ఒక పతకం చూపించినట్టు చెప్తారు. నాకు మాత్రం ప్రతిసారీ ఆ అక్కగారే గుర్తొస్తుంది.

"నేను రాసిన కాగితం ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు," అన్నారు. "చేసింది చేసినట్టు రాయి. నిజం రాస్తే వినేవాడు ఎక్కడో ఒకడుంటాడు."

"అక్కడ ఎవడూ ఉండడు మావయ్యగారూ. మీ కాగితం మీరే ఉంచుకోండి. దాన్ని ఫ్రేము కట్టించుకుని రేపటి నుంచి ఇద్దరం ఎదురుగా కూర్చుని చూద్దాం."

పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయనతో అంత మాట అనడం అదే మొదలు. ఆయన ముఖం ఎలా ఉందో చూడకుండా తలుపు దడాలున వేసి దిగిపోయాను. కోపంలో మీటర్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆయన త్రాసు ఆయనే తెచ్చుకుంటారులే అనుకున్నాను.

గోడౌనుకు వెళ్లి సూపర్‌వైజరుకు చెప్పుకున్నాను. ఆయన గడియారం చూసి, అవన్నీ యాప్‌లోనే చూసుకోవాలి, తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఆయన చేతిలో ఏమీ ఉండదని నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు, అయినా అడిగాను, నాదే బుద్ధి తక్కువ. మాస్టారు మాత్రం పక్కకు పిలిచి శ్రద్ధగా విన్నాడు. తన టైరు వల్లే ఇదంతా వచ్చిందని నొచ్చుకున్నాడు. తరవాత లెక్కల మాస్టారులాగే లెక్క విప్పి చెప్పాడు. కస్టమరు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే ఏ గొడవా లేదు, 'చేతికి ఇచ్చాను' అనే మాట మీదే నిలబడాలి. తీసుకోకపోతే మాత్రం ఆ మాట మీద నిలబడకూడదు. కారు ఎంతసేపు ఆగిందో, మనిషి మెట్లెక్కిందో లేదో ఫోనే పట్టిచ్చేస్తుంది. అప్పుడు తప్పు ఒప్పుకుని బతిమాలుకోవాలి. పోయినేడు ఒకాయన అలా బయటపడ్డాడు.

"మరి మీ మావగారు తీసుకుంటారా?" అని అడిగాడు.

నేను నవ్వాను. సూర్యుడు పడమట పొడిచినా ఆయన తీసుకోరన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు. ఇరవై ఏళ్లుగా ఆ మనిషిని నేను చదివేశాననుకున్నాను.

గోడౌను గోడ నీడలో కారు ఆపుకుని వివరణ రాయడానికి కూర్చున్నాను. ఎనిమిదేళ్లలో ఆ యాప్‌లో నేను నిజం రాయడం అదే మొదటిసారి. వేళ్లు అలవాటుగా అబద్ధం వైపే వెళ్లాయి, రెండుసార్లు చెరిపాను. ఆఖరికి రాశాను. పార్సిల్ చేతికి ఇవ్వలేదు, మెట్ల కింద పెట్టాను. అది మా సొంత ఇల్లే, సాయంత్రం ఇవ్వచ్చనుకున్నాను, మరిచిపోయాను. తప్పు నాదే. ఎనిమిదేళ్లలో ఇచ్చిన పార్సిళ్లు చూసి ఈ ఒక్కసారికి క్షమించండి. 'క్షమించండి' అనే మాట పంపుతుంటే నాకు అసహ్యం వేసింది, పంపాను. అప్పుడు టైము నాలుగున్నర.

పదకొండు నిమిషాల్లో జవాబు వచ్చింది. మామూలుగా ఒక ప్రశ్న అడిగితే నాలుగు రోజులు పట్టే చోట పదకొండు నిమిషాలు.

'ప్రియమైన భాగస్వామీ, మీ వివరణకూ కస్టమరు ధ్రువీకరణకూ పొంతన లేదు. పార్సిల్ తన చేతికే అందిందని కస్టమరు నాలుగు గంటల పది నిమిషాలకు ధ్రువీకరించి ఫిర్యాదును ఉపసంహరించుకున్నారు. పార్సిల్ ఇవ్వలేదని మీరు రాశారు. కస్టమరు చిరునామా, మీ చిరునామా ఒకటే. ఇది కుమ్మక్కుగా పరిగణించబడింది. మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది. మీ సేవలకు ధన్యవాదాలు.'

మూడుసార్లు చదివాను. మొదటిసారి నాకు ఖాతా మాటే కనిపించింది. రెండోసారి కుమ్మక్కు అనే మాట కనిపించింది. మూడోసారి గానీ నాలుగు గంటల పది నిమిషాలు కనిపించలేదు. ఆయన నొక్కారు. నేను నిజం రాయడానికి ఇరవై నిమిషాల ముందు ఆయన అబద్ధం నొక్కారు.

ఇంటికి వెళ్తే మీటర్ల వెనక పెట్టె లేదు. మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర కిటికీ గట్టు మీద మావయ్యగారి చేతిరుమాలు కనిపించింది, తడిగా ఉంది. మూడో అంతస్తు మలుపులో, మెట్టు మీది దుమ్ములో పెట్టె ఆనించిన గుర్తు చతురస్రంగా పడి ఉంది. ఆయన ఆ మెట్లు దిగి రెండు నెలలయింది. ఆయన మోకాళ్ల సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆయనే తెచ్చుకుంటారులే అనుకున్నాను.

తలుపు తెరిచే ఉంది. ఆయన హాల్లో కింద కూర్చుని ఉన్నారు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ముందు పెట్టె విప్పి ఉంది. అందులో ఉన్నది త్రాసు కాదు. బాత్రూములో కూర్చుని స్నానం చెయ్యడానికి వాడే ప్లాస్టిక్ స్టూలు. నాలుగు కాళ్లు, కాళ్లకు రబ్బరు తొడుగులు, పట్టుకోవడానికి రెండు పిడులు. రెండు కాళ్లు బిగించారు, మూడోది వంకరగా ఎక్కింది, దానితో కుస్తీ పడుతున్నారు.

నన్ను చూడగానే, అడగకుండానే చెప్పారు. "నొక్కాను."

ఆయన నేల చూపులు చూస్తూ చెప్పుకుపోయారు. నేను వెళ్లగానే దిగారట. డెబ్భై రెండు మెట్లు. ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ కూర్చున్నారట. పెట్టె మీద ఆరు కిలోలు అని రాశారు గానీ ఆరు కిలోల రెండు వందలు ఉందట, పైకి తెచ్చాక తూచారు. ఆ పరిస్థితిలోనూ తూచారు. మెట్లు ఎక్కాక ఆలోచించారట. పార్సిల్ చేతికి అందిందా? అందింది. ఎవరి చేతికి? తన చేతికే. ఎవరు ఇచ్చారన్నది ఆ మీట అడగడం లేదు కదా. కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు. ఆయన చదువంతా ఉపయోగించి, ఆ అబద్ధాన్ని ఏదో ఒక కొలతకు సరిపోయేలా చేసుకుని నొక్కారు.

"ఒక్క పెట్టెకే నా పని అయిపోయింది," అన్నారు. "నువ్వు రోజుకు ఎన్ని మోస్తావు?"

ఎనిమిదేళ్లలో ఆయన నా పని గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. యాభై అని చెప్పాను. ఆయన తల పంకించి, స్టూలు మూడో కాలు వైపు చూశారు.

అది ఎందుకు తెప్పించారని అడిగాను. మూడు వారాల కిందట బాత్రూములో పడ్డారట. తుంటికి దెబ్బ తగిలింది, కమిలింది, తగ్గింది. చెప్పుకోవడానికి నామోషీ అయి ఎవరికీ చెప్పలేదు. స్టూలు వస్తుందని మంగళవారం పొద్దుట్నుంచి తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను లోకంలో ఫిర్యాదు రాని ఇల్లు ఇదొక్కటే అనుకుంటూ దాన్ని మీటర్ల వెనక నిలబెట్టినప్పుడు ఆయన పైన అలా కూర్చుని ఉన్నారు. నాకు నా మీద అంత రోత ఎప్పుడూ పుట్టలేదు.

ఇక చెప్పక తప్పలేదు. నేను నిజం రాశానని చెప్పాను.

"ఎవరు రాయమన్నారు?" అన్నారు ఆయన, నిజంగా కోపంగా.

"మీరే."

ఫోను ఇచ్చాను. ఆయన ఆ జవాబును ఒక్కొక్క మాటే చదివారు. కుమ్మక్కు దగ్గర ఆగిపోయారు. ఆయన ఉద్యోగంలో ఎందరి మీదో రాసిన మాట అది, ఆయన మీద ఎవరూ రాయనిది. ఇది అన్యాయమని, ఎవరికి రాయాలో చెప్పమని, ఇప్పుడే రాస్తానని లేవబోయారు. లేవలేకపోయారు. రాయడానికి అక్కడ ఎవరూ లేరని చెప్పాను. అధికారి ఉండాలి కదా, పై అధికారి ఉండాలి కదా అని మళ్లీ అడిగారు. ఆ జవాబు అడుగున 'దీనికి తిరుగు సమాధానం పంపడం కుదరదు' అని చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించాను. భూతద్దం అక్కర్లేకుండానే చదివారు.

నేను ఆయన ఎదురుగా కింద కూర్చుని మూడో కాలు తీసి తిన్నగా బిగించాను, తరవాత నాలుగోది. చేతులకు పని ఉండటమే నయం అనిపించింది. రేపు పొద్దున ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియదు. ఇంకో కంపెనీలో చేరితే మళ్లీ మొదటి మెట్టు, మిగిలిపోయిన రూట్లు, దూరపు గోడౌన్లు, నేను నేర్పినవాళ్ల వెనక నిలబడటం. నా నోటికి భయపడేవాళ్లు ఇక నవ్వుకుంటారు. ఇదంతా ఆలోచిస్తుంటే ఏడుపు వచ్చింది, కానీ దానికంటే ముందు నవ్వు వచ్చింది. కుమ్మక్కట. ఇరవై ఏళ్లుగా ఒకే కప్పు కింద ఉండి ఏ ఒక్క విషయంలోనూ మాట కలవని మేమిద్దరం కుమ్మక్కయ్యామట. ఒక్కసారి నిజంగా కుమ్మక్కయి ఉంటే ఖాతా ఉండేది. ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. 'నొక్కాను' అని ఆయన చెప్పలేదు, 'రాస్తున్నాను' అని నేను చెప్పలేదు. ఇద్దరం ఎదుటి మనిషి మారడని తేల్చేసుకున్నాం.

స్టూలును నేల మీద పెట్టి చేత్తో నొక్కి చూశాను, కదలడం లేదు. మావయ్యగారు దాని పిడి పట్టుకుని మెల్లగా లేచి, దాని మీద కూర్చున్నారు. కాసేపటికి తల దించుకుని, నాకు వినపడీ వినపడనట్టు అన్నారు.

"నువ్వు అబద్ధమే రాసి ఉండాల్సిందమ్మా."